రెండో సర్వరు కొనే ముందు

మొన్న భీమవరంలో తెలిసినవాళ్లు ఒక ప్లాను పంపించి, చూసి ఎలా ఉందో చెప్పమన్నారు. రొయ్యల చెరువుల్లో సెన్సర్లు దించి, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంతుంది, ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మిషన్లు) తిరుగుతున్నాయా ఆగాయా అన్నది రైతు ఫోనుకి చేరవేయడం వాళ్ల వ్యాపారం. దానికి తోడు ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో తూకాలూ బిల్లులూ కూడా వాళ్ల సాఫ్ట్‌వేరు మీదే నడుస్తాయి. ఈ రెండు పనులకీ మధ్యలో రాబిట్‌ఎంక్యూ ఉంది, ఒక ప్రోగ్రాం పంపిన మెసేజీల్ని క్యూల్లో ఉంచి ఇంకోదానికి అందించే బ్రోకర్ అది. ఇప్పటిదాకా ఒకే మిషను మీద నడిచింది. కొత్త ప్లానులో భీమవరంలో ఒక నోడ్ (బ్రోకర్ నడిచే సర్వరు), అమలాపురం బ్రాంచిలో ఒక నోడ్ పెట్టి రెంటినీ క్లస్టర్ చేస్తారట, అంటే రెండూ కలిసి ఒకే బ్రోకర్‌లా నడవాలని. పైన పెద్దక్షరాలతో "99.99 శాతం అవైలబిలిటీ" అని ఉంది. కింద సర్వర్ల కొటేషను.

"ఇలా రెండోది కొనేకంటే ఉన్న ఒక్కదాన్నే శ్రద్ధగా చూసుకోండి" అని జవాబిచ్చాను. వాళ్లకి నచ్చలేదు. ఎంత కాదన్నా ఒకటి కంటే రెండు మేలే కదా అన్నారు. ఫోనులో నేను చెప్పిన సమాధానం నాకే అతుకులబొంతలా అనిపించింది గనక ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

రెండులో మెజారిటీ ఏది?

క్లస్టర్ లెక్కంతా మెజారిటీ మీద నడుస్తుంది, సగానికి మించిన నోడ్లు ఒకదానికొకటి కనబడుతుంటేనే పని సాగుతుంది. మూడు నోడ్లుంటే ఒకటి పోయినా మిగతా రెండూ మెజారిటీ. అయిదుంటే రెండు పోయినా ఫరవాలేదు. నాలుగుంటే మాత్రం ఒక్కటి పోతేనే తట్టుకుంటుంది, అంటే నాలుగోదానికి పెట్టిన డబ్బు ఈ లెక్కలో వృథా. ఇక రెండుంటే మెజారిటీ అంటే రెండూ ఉండాలి. ఏ ఒక్కటి పడిపోయినా పని ఆగిపోతుంది. ఒకే మిషను ఉన్నప్పుడు పాడవడానికి అదొక్కటే ఉండేది. ఇప్పుడు రెండు మిషన్లు, మధ్యలో ఒక లింకు, మొత్తం మూడున్నాయి. డబ్బు పోసి ప్రమాదాన్ని మూడింతలు చేసుకున్నట్టు.

రాబిట్‌ఎంక్యూ వాళ్ల డాక్యుమెంటేషనే రెండు నోడ్ల క్లస్టర్ వద్దని గట్టిగా చెబుతుంది. అయినా కొటేషన్లన్నీ రెండు సర్వర్లతోనే ఎందుకొస్తాయో నాకు తెలుసు. డేటాబేసుకి ప్రైమరీ, స్టాండ్‌బై అని రెండు పెట్టడం మనవాళ్లకి అలవాటు. అదే చేత్తో బ్రోకర్‌కీ రాసేస్తారు.

ఒక ఫ్యాక్టరీలో ఇలాంటిదే చూశాను. పేరు అనవసరం. ఒకే ర్యాకులో రెండు నోడ్లు, నెట్‌వర్కు తెగితే ఏం చేయాలన్న చోట "పాజ్ మైనారిటీ" అని సెట్టింగు, అంటే మెజారిటీ కనబడని నోడ్ ఆగిపోవాలని. ఒక సాయంత్రం స్విచ్ ఒకటి దానంతటదే రీస్టార్ట్ అయింది. రెండు నోడ్లూ నిక్షేపంగా ఉన్నాయి, కానీ దేనికది "నేను మైనారిటీలో పడ్డాను" అనుకుని ఆగిపోయింది. డ్యూటీలో ఉన్న కుర్రాడు ర్యాకు దగ్గరికెళ్లి చూస్తే అన్నీ పచ్చ లైట్లే. బయట రొయ్యల లారీలు గేటు దాకా క్యూ కట్టేశాయి, లోపల కాటా దగ్గర అరుపులు. ఆ టెన్షన్‌లో ఎవరో పెద్దాయన సలహా మీద సెట్టింగుని "ఇగ్నోర్"కి, అంటే లింకు తెగినా పట్టించుకోకుండా నడిచిపొమ్మని, మార్చారు. ఆ పూట గండం గడిచింది. తర్వాత మళ్లీ స్విచ్ మొరాయించినప్పుడు మాత్రం రెండు నోడ్లూ దేని సంసారం అది పెట్టుకున్నాయి. కాటా ఒకదాని మీద తూకాలు వేస్తుంటే బిల్లింగు రెండోదాని మీద వాటి కోసం ఎదురు చూస్తోంది. లింకు తిరిగొచ్చాక రెంటినీ కలపడానికి ఒకదాన్ని చెరిపేయాల్సొచ్చింది. ఆ చెరిపిన దాంట్లో ఏముందో కాటా స్లిప్పులు ముందేసుకుని లెక్కలు కట్టారు.

వెర్షను 4లో, క్లస్టర్ తన వివరాలు దాచుకునే పాత డేటాబేసు మ్నీసియా స్థానంలో కెప్రీ అనే కొత్తది వాడితే ఈ పాజ్, ఇగ్నోర్ గొడవే ఉండదు, అంతా రాఫ్ట్ పద్ధతిలో మెజారిటీ లెక్కే అంటారు. నిజమే. అయితే ఆ లెక్క కూడా రెంటికి మెజారిటీ రెండే అంటుంది.

వశిష్ఠ అవతల ఒక నోడ్

ఆ ఫ్యాక్టరీలో మధ్యనున్నది ఒక్క స్విచ్. ఈ ప్లానులో భీమవరానికీ అమలాపురానికీ మధ్య వశిష్ఠ ఉంది, వైనతేయ ఉంది. కారులో వెళ్లేవాళ్లకి చించినాడ వంతెన, బోడసకుర్రు వంతెన. కేబుల్ కూడా చాలావరకు అలాంటి వంతెన పట్టుకునే దాటుతుంది. ప్లానులో "రెండు వేర్వేరు ఇంటర్నెట్ కంపెనీల లైన్లు" అని ధీమాగా రాశారు. భీమవరం ఆఫీసు దగ్గరికి వెళ్లి తలెత్తి చూడమన్నాను. రెండు కంపెనీల నల్ల తీగలూ ఒకే కరెంటు స్తంభం మీద, ఒకే మేకుకి చుట్టి ఉన్నాయి. చుట్టలు చుట్టలుగా మిగిలిన కేబుల్‌ని కూడా అక్కడే వేలాడదీశారు. ఎత్తుగా గడ్డి వేసుకెళ్లే ట్రాక్టరు ఒక్కటి చాలు. బిల్లులు రెండొస్తాయి, తెగేది ఒకేసారి.

కరెంటుదీ ఇదే కథ. సర్వరు గది ఒకటో అంతస్తులో ఒకటి, రెండో అంతస్తులో ఒకటి అని చూపిస్తారు, రెండూ ఒకే ఫీడరు మీద, ఒకే యూపీఎస్ కింద. యూపీఎస్ బ్యాటరీలు మార్చి ఎన్నాళ్లయిందని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే హై అవైలబిలిటీ (ఏది పాడైనా పని ఆగకుండా నడిపే) ప్లాను చూడమంటే నేను ముందు నోడ్లు లెక్కపెట్టను, పాడయ్యే కారణాలు రాయమంటాను. ఫీడరు, స్తంభం, వంతెన, స్విచ్, డిస్కు, వెర్షను మార్చే మనిషి. ఆ జాబితాలో ఏ ఒక్క కారణమైనా రెండు నోడ్లనీ ఒకేసారి పడగొడుతుంటే, అక్కడ ఉన్నది లెక్కకి ఒక్క నోడే.

"మరి రాజమండ్రిలో మూడోది పెడితే?" అని అడిగారు. మంచి ప్రశ్నే, నేనూ దీని దగ్గర కొంచెం తటపటాయించాను. మూడు ఊళ్లు, మూడు నోడ్లు, ఏ ఊరి లింకు తెగినా మిగతా రెండూ మెజారిటీ. కాగితం మీద తప్పు లేదు. దూరం కూడా పెద్ద సమస్య కాదు, డెల్టా మొత్తం కలిపినా ఎంతని. కానీ అమలాపురం లింకు తెగిన రాత్రి అమలాపురం నోడ్ పరిస్థితేమిటో చూడండి. మిషను బతికే ఉంటుంది, కరెంటూ ఉంటుంది, అయినా కోరమ్ క్యూలోకి (ప్రతి మెసేజ్‌నీ మెజారిటీ నోడ్లలో రాశాకే తీసుకున్నట్టు చెప్పే క్యూ అది) ఒక్క మెసేజ్ కూడా తీసుకోలేదు, మెజారిటీ తనవైపు లేదు గనక. మరి కోనసీమ చెరువుల నుంచి వచ్చే రీడింగులు ఎక్కడ ఆగాలి? సెన్సర్ల రీడింగులు పోగేసి పంపే, చెరువు గట్టు మీదున్న గేట్‌వే డబ్బాలోనే. ఎలాగూ అక్కడే దాచుకోవాల్సి వస్తే అమలాపురంలో నోడ్ దేనికి? ఈ ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు లేదు, నాకూ దొరకలేదు. క్లస్టర్‌లో నోడ్ల మధ్య లింకు ఆఫీసులోపలి నెట్‌వర్కంత నికరంగా ఉండాలని, ఊళ్లు దాటాలంటే మెసేజీల్ని ఒక బ్రోకర్ నుంచి ఇంకో బ్రోకర్‌కి మోసే షవల్ గానీ ఫెడరేషన్ గానీ వాడుకోమని డాక్యుమెంటేషన్ చెప్పేది ఇందుకే. షవల్ అయితే లింకు తెగినప్పుడు ఇవతల ఆగి, వచ్చాక మళ్లీ మోస్తుంది, అంతే.

ఇంకొకటి. క్లస్టర్ చేసినంత మాత్రాన మెసేజ్ అన్ని నోడ్లలోనూ ఉంటుందనుకుంటారు. ఉండదు. ఏ మెసేజ్ ఏ క్యూకి పోవాలో చెప్పే ఎక్స్ఛేంజిలు, బైండింగులు, ఇంకా యూజర్లు అన్ని చోట్లా తెలుస్తాయి, మామూలు క్లాసిక్ క్యూ మాత్రం ఏదో ఒక్క నోడ్ మీదే కూర్చుంటుంది. ఆ నోడ్ పోతే క్యూ పోయినట్టే. కాపీలు కావాలంటే కోరమ్ క్యూ అని చెప్పి మరీ చేసుకోవాలి. వీళ్ల ప్లానులో ఇప్పుడున్న 3.13 నుంచి 4కి మారతామని ఒక పేజీలో ఉంది. అదే పేజీ అడుగున "హెచ్‌ఏ మోడ్: ఆల్" అని పాలసీ, అంటే హై అవైలబిలిటీ కోసం ప్రతి క్యూకీ అన్ని నోడ్లలోనూ కాపీ పెట్టమని. ఏదో పాత గైడులోంచి ఎత్తి రాశారు. అలా కాపీలు పెట్టే మిర్రర్డ్ క్యూలని 2021లోనే పక్కన పెట్టమన్నారు, 2024లో వచ్చిన 4.0లో పూర్తిగా తీసేశారు. ఇప్పుడా పాలసీ రాసుకున్నా దానికి చేసే పనేమీ ఉండదు. క్లస్టర్ ఉంటుంది, పాలసీ ఉంటుంది, డాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది, మెసేజ్ మాత్రం ఒక్కచోటే ఉంటుంది. ప్లానులో నాకు అన్నిటికన్నా భయమేసింది ఆ పాలసీ చూసి.

ఏ మెసేజ్ పోతే ఏమవుతుంది

ఇంతవరకు రాసింది ఏ ఊళ్లోనైనా ఒకటే. ఇక్కడి చెరువుల సంగతి వేరు.

డీఓ రాత్రి పడిపోతుంది, తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువకొస్తుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని తాగేస్తుంది గనక. ఒత్తుగా పిల్ల వేసిన వనామి చెరువులో కరెంటు పోయి, జనరేటరు అందుకోక, ఏరేటర్లు ఆగితే గంటా రెండు గంటల్లో రొయ్య పైకి తేలుతుంది. ఆ తర్వాత వెళ్లి చేసేదేమీ ఉండదు. కాబట్టి రాత్రి రెండింటికి "డీఓ 2.8" అన్న మెసేజ్‌కి ఉన్న విలువ కాసేపే.

ఇదే కంపెనీ కస్టమరు ఒకాయన, ఉండి దగ్గర చెరువులున్నాయి, ఓసారి నేను ఆఫీసులో ఉండగా వచ్చారు. ముందు రాత్రి టవరు పనిచేయలేదు, గేట్‌వేలో మెసేజీలు పేరుకుపోయాయి. కాపలా కుర్రాడు మెలకువగా ఉండి జనరేటరు వేశాడు గనక పంట దక్కింది. కుర్చీలో ఉన్న కంపెనీ అతను, సర్వరు సరిగ్గానే ఉందండీ, ఒక్క మెసేజ్ కూడా పోలేదండీ అని లాగులు చూపించబోతున్నాడు. ఆయన నెమ్మదిగా, "వచ్చాయి బాబూ, అన్నీ వచ్చాయి. పేపరు కుర్రాడూ అవీ ఒకేసారి వచ్చాయి" అన్నారు.

ఆ వ్యవస్థ తన పని తాను చేసింది. ఒక్క మెసేజ్ పోలేదు, రెండుసార్లు రాలేదు, వరుస తప్పలేదు. ఎంత పెద్ద క్లస్టర్ పెట్టినా ఆ ఉదయం జరిగేది అదే. పాత అలర్టుల వెల్లువలో ఆరింటికి నిజంగా వచ్చిన కొత్త అలర్టు ఎక్కడో అడుగున ఉంటుంది. అలర్టు క్యూకి గడువు పెట్టాలి, పది నిమిషాలు దాటినది రైతు ఫోనుకి పోకూడదు, రికార్డులోకి మాత్రం పోవాలి. కోరమ్ క్యూలకి ఈ గడువు పెట్టే వీలు 3.10 నుంచే ఉంది.

ప్లాంటు తూకాలది దీనికి సరిగ్గా ఎదురు. ఫలానా లారీ, ఫలానా కౌంటు, ఇన్ని కేజీలు అన్నది రెండు గంటలు ఆలస్యంగా బిల్లింగుకి చేరినా కొంప మునగదు. పోకూడదు, రెండుసార్లు పడకూడదు. బ్రోకర్ నుంచి పక్కాగా తీసుకున్నానన్న రసీదు వచ్చేదాకా కాటా దగ్గరి ప్రోగ్రాం తన కాపీని చెరపకూడదు. రసీదే దారిలో తప్పిపోతే మళ్లీ పంపుతుంది, అప్పుడు ఒకే తూకం రెండుసార్లు వస్తుంది. అందుకే ప్రతి తూకానికీ సొంత నంబరుండాలి, బిల్లింగు ఆ నంబరు చూసి రెండోదాన్ని వదిలేయాలి. ఇది బ్రోకర్ చేసిపెట్టదు, ఏ బ్రోకరూ చేసిపెట్టదు. సెన్సర్ల లాంటివి మెసేజీలు పంపే ఎమ్‌క్యూటీటీ పద్ధతిలో క్యూఓఎస్ 2, అంటే సరిగ్గా ఒక్కసారే చేర్చే హామీ, ఉంది కదా అంటారు. రాబిట్‌ఎంక్యూ దాన్ని 1గానే, అంటే కనీసం ఒకసారి చేర్చే హామీగానే తీసుకుంటుంది, అది కూడా డాక్యుమెంటేషన్‌లో ఉన్నదే.

ఇక పది సెకన్లకోసారి వచ్చే మామూలు డీఓ, ఉష్ణోగ్రత రీడింగులు. నాలుగు పోతే నష్టం లేదు. వాటికి మూడు కాపీలు దాచి, ప్రతిదాన్నీ మూడు డిస్కుల మీద రాయించడం దండగ. అన్ని క్యూలూ ఒకే గాటన కట్టి "హెచ్‌ఏ" అని రాసేస్తే, ఈ చెత్త మెసేజీల బరువుకే డిస్కులు ఆయాసపడతాయి. ప్లాను కాగితంలో మొదటి పేజీ ఈ మూడు రకాల గురించి ఉండాలి. సర్వర్ల సంఖ్య దాన్ని బట్టి తేలుతుంది.

అయితే ఏం చేయమంటావ్?

నా మాటకి వచ్చిన అభ్యంతరాల్లో బలమైనది క్లౌడు. హైదరాబాదులో 2022 నుంచి అమెజాన్ క్లౌడు రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) ఉంది, మూడు జోన్లు, వేర్వేరు కరెంటు, వేర్వేరు బిల్డింగులు. మూడు నోడ్లు అక్కడ పడేస్తే స్తంభాలూ యూపీఎస్‌లూ మన తలనొప్పి కాదు కదా! ఒప్పుకుంటాను. చెరువుల వైపు పనికి నేనూ అదే చెప్పాను. నోడ్లు మూడు, జోనుకొకటి, తూకాలకీ అలర్టులకీ కోరమ్ క్యూలు, గేట్‌వేలకి ఒకే లోడ్ బ్యాలెన్సరు (కనెక్షన్లని నోడ్లకి పంచేది) అడ్రసు కాకుండా మూడు నోడ్ల పేర్లూ ఇవ్వడం. రోజూ తెగేది హైదరాబాదులో కాదు గనక గట్టు మీది డబ్బాలో దాచుకునే ఏర్పాటు మాత్రం తప్పదు.

ప్లాంటుకి క్లౌడొక్కటే చాలదు. లింకు లేదని లారీ దింపకుండా ఆపలేరు, ఐసు కరుగుతుంది. అక్కడ లోకల్ బ్రోకర్ ఒకటుండాలి. ఒక్కటే. మంచి డిస్కులు, విడిగా ఒక యూపీఎస్, పక్కన ఇన్‌స్టాల్ చేసి ఊరికే పెట్టిన స్పేర్ మిషను, అక్కణ్ణుంచి హైదరాబాదుకి షవల్. ఆ ఒక్కటి పోతే అరగంట పని ఆగుతుంది. ఆ అరగంట తూకాలు కాటా ప్రోగ్రాం దగ్గరే ఉంటాయి. "సింగిల్ నోడ్ అంటే ప్రొఫెషనల్‌గా లేదు" అన్నారు. లారీవాడికి ఆ పట్టింపు ఉండదు.

చెరువు దగ్గర ప్రాణాధారమైన అలర్టుకి అసలు బ్రోకర్ అక్కర్లేదన్నాను, దీనికి బాగా కోపమొచ్చింది. డీఓ మూడు కిందకి దిగిందన్నా, ఏరేటరు లైన్లో ఫేజు పోయిందన్నా గేట్‌వేనే గట్టు మీదున్న సైరను మోగించాలి. ఇంటర్నెట్, క్యూ, ఫోను ఏవీ మధ్యలో ఉండకూడదు. "మా ప్రోడక్టే మెసేజీలు పంపడం, మీరేమో సైరను కొనమంటున్నారు" అన్నాడు అందులో ఒకతను. అతని బాధ అర్థమైంది. కానీ తుపాను రాత్రి సంగతి ఆలోచించాలి కదా. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి కరెంటు, కేబుల్, టవర్లు అన్నీ కలిసే పోతాయి. 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగొచ్చన్నమాట. వీళ్లు రాసిన 99.99 అంటే 52 నిమిషాలు. ఆ నిమిషాలు ఏడాది పొడవునా పలచగా పరుచుకుని రావు, ఒకే రాత్రి వస్తాయి. ఆ రాత్రికే మనం కావాలి.

అడుగుల లెక్క

ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో చిన్నపిల్లాణ్ణి అడిగినా రెండో హెచ్చరికకి పశువుల్ని గట్టెక్కించాలని చెబుతాడు. ఆ క్షణాన కూర్చుని ఎవరూ చర్చించరు. బ్రోకర్ ప్లానులో నాకు కావాల్సింది ఇలాంటి లెక్కే. మెమరీ ఇంతకొస్తే ఎవరికి ఫోను, డిస్కు ఇంతకి దిగితే ఏ క్యూ ఆపాలి, ఏ నోడ్ ఎంతసేపు కనబడకపోతే ఎవరు నిర్ణయం తీసుకుంటారు.

సాఫ్ట్‌వేరులోనే కొన్ని గీతలున్నాయి గానీ వాటిని అలాగే వదిలేయకూడదు. రాబిట్‌ఎంక్యూ 4లో మెమరీ 60 శాతం దాటితే అలారం, పాత వెర్షన్లలో అది 40. అలారం మోగితే ఆ ఒక్క నోడే కాదు, క్లస్టర్ మొత్తంలో మెసేజీలు పంపేవాళ్లందరినీ ఆపేస్తుంది. డిస్కులో మిగలాల్సిన ఖాళీకి మామూలుగా ఇచ్చిన గీత 50 ఎంబీ. ఆ 50 ఎంబీ దాకా ఆగితే ఇక చేయడానికేం మిగలదు, గేట్‌వేలన్నీ కరెంటొచ్చాక ఒక్కసారిగా కక్కే బ్యాక్‌లాగుకి నిమిషం కూడా నిలవదు. ఆ గేట్‌వేలు కూడా తలా కొంచెం ఆగి కనెక్టయ్యేలా రాయాలి, లేకపోతే కరెంటొచ్చిన మరుక్షణం అన్నీ కలిసి మీద పడతాయి. నోడ్ల మధ్య లింకు చప్పుడు లేకుండా తెగితే అవతలిది పోయిందని గుర్తించడానికే దాదాపు నిమిషం, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు. ఆ నిమిషంలో కాటా ప్రోగ్రాం ఏం చేస్తుందో ప్లానులో ఒక్క వాక్యం లేదు.

ఇవన్నీ రాసి పంపాక చివరికి ఒప్పుకున్నవి కొన్ని, ఒప్పుకోనివి కొన్ని. అమలాపురం నోడ్ పోయింది. సైరను మీద ఇంకా బేరం సాగుతోంది. గట్టిగా గింజుకుంటున్నది మాత్రం డ్రిల్ దగ్గర. గోదావరికి నీళ్లు రాకముందు జూన్‌లో ఒకసారి, అక్టోబరు తుపాన్లకి ముందు ఇంకోసారి, పట్టపగలు, అందరూ మెలకువగా ఉన్నప్పుడు, ప్లాంటు నడుస్తుండగా ఒక నోడ్ తీగ పీకి చూడాలన్నాను. ప్లాంటు మేనేజరు, "బాగా నడుస్తున్నదాన్ని మనమే ఆపుకోవడమేంటండీ" అంటున్నారు. లారీలు తక్కువుండే రోజు ఆయన్నే ఎంచుకోమన్నాను. సరే చూద్దామన్నారు, తేదీ ఇంకా చెప్పలేదు.